రాతికి పెట్టిన నామం

మా బండకు ఎవరో చేమంతిపూల దండ వేశారు. పసుపు పూశారు. ముందర రెండు ఇటుకలు నిలబెట్టి వాటి మధ్య కర్పూరం వెలిగించినట్టున్నారు, ఇటుకలు నల్లగా మసిబారి ఉన్నాయి. పక్కనున్న నేరేడు కొమ్మకు ఒక గంట కూడా వేలాడుతోంది. అడవిలో, దారి తప్పితే తప్ప మనిషి రాని చోట, గంట! నేను తెరిచిన నోరు మూయడం మరిచిపోయాను. నా వెనకాలే ఆయాసపడుతూ ఎక్కి వస్తున్న అయివారు "ఏమ్మా నిలబడిపోయినావు, పామా?" అని అడిగారు. పామైనా బాగుండేది. పాము కనబడితే ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలుసు.

అయివారంటే నాకు బడిలో డ్రాయింగు నేర్పిన మాస్టారు. మా వైపు బడి పంతులునీ అయివారనే అంటారు, గుడి పూజారినీ అయివారనే అంటారు. ఇద్దరికీ ఒకే పిలుపు సరిపోతుందిలే అని పెద్దలు పొదుపు చేశారేమో గానీ, ఆ పొదుపు మా కొంప ముంచింది. ఈయన తిరుపతిలో గుడి కైంకర్యాలు చేసే వైష్ణవుల ఇంట్లో పుట్టి, కైంకర్యం అన్నదమ్ములకు వదిలేసి, కుంచె పట్టుకుని బడికి వచ్చిన మనిషి. ఇంటి అలవాటు మాత్రం పోలేదు. పొద్దున స్నానం చేసి నొసట నామం దిద్దుకోనిదే కాఫీ కూడా ముట్టరు.

నేను రేణిగుంటలో ఒక గోడౌనులో బిల్లులు కొట్టే పని చేస్తాను. వారమంతా లారీలు, అట్టపెట్టెలు, డ్రైవర్లతో గొంతు చించుకోవడం. నాకు కోపం ఎక్కువని అక్కడ కాపలా కుక్కకు కూడా తెలుసు. అడవిలోకి వస్తేనే నా గొంతు తగ్గుతుంది. అందుకే ఆయన రిటైరయ్యాక "ఆదివారాలు అడవి నడక మొదలుపెడదామా అమ్మా, నలుగురికీ చూపించినట్టుంటుంది" అంటే, ఇంట్లో ఒక్క మాట అడగకుండా సరేనన్నాను.

చిత్తూరు రోడ్డు మీంచి పక్కకు తిరిగి మామిడితోటలు దాటితే ఒక చిన్న పల్లె వస్తుంది. ఆ పల్లె వెనక నుంచి కొండ మీదికి ఒక పాత దోవ ఉంది. ఒకప్పుడు మేకలు, కట్టెల మోపులు నడిచిన దోవ. గ్యాసు పొయ్యిలు వచ్చాక మోపులు ఆగిపోయాయి, మేకలూ తగ్గిపోయాయి, కంప పెరిగి దోవను మింగేసింది. దాన్ని మళ్ళీ బయటికి తీయడానికి మేం పడని పాట్లు లేవు. ఎర్రచందనం ఉన్న అడవి, ఊరికే ఎక్కితే పట్టుకుపోయి లోపల వేస్తారు. అటవీశాఖ రేంజరు చుట్టూ తిరిగి తిరిగి అనుమతి తెచ్చుకున్నాం. ఆమె నా కంటే చిన్నది, నా కంటే కోపిష్టిది. "కొమ్మ నరకకూడదు, నిప్పు ముట్టించకూడదు, జనం పెరగకూడదు. ఏది తప్పినా ఆ రోజే దోవకు కంచె వేసేస్తాను" అని ముఖం మీదే చెప్పింది. కంచె పడిందంటే ఇక అంతే. ఒక్క వానాకాలం గడిస్తే కంప మళ్ళీ కమ్ముకుంటుంది, అక్కడొక దోవ ఉండేదంటే ఎవరూ నమ్మరు.

అంత పట్టుదల ఎందుకంటే, దోవ చివర ఏడాది పొడుగునా ఎండని ఊట ఒకటుంది. ఊటకు కొంచెం ముందు, దోవ మూడుగా చీలేచోట, ఇల్లంత రాతిగుండు ఒకటుంది. దాని పగుల్లో బంగారు బల్లులు ఉంటాయి. పేరుకు తగ్గట్టే పసుపుపచ్చగా మెరుస్తాయి. చల్లటి చీకటి, తేమ లేకుంటే బతకవు. గుడ్లను నేల మీద కాదు, రాతి గోడకు అతికించి పెడతాయి. ఆ చిన్న చిన్న తెల్లటి గుడ్లు చూపించినప్పుడు, బస్సు దిగినప్పటి నుంచి ఫోన్లలో అరుస్తూ వచ్చినవాళ్ళు కూడా గుసగుసల్లోకి దిగిపోతారు. నాకు అది చూడటం ఎంతో ఇష్టం. ఆదివారం కోసం వారమంతా కాచుకునేది అందుకే.

చిక్కంతా ఆ చీలిక దగ్గరే వచ్చింది. కుడి ఎడమ చీలికలు పాత మేకల బాటలు, అటు పోతే లోయ అంచుకు తేలుతారు. మధ్యది మనది. ముందు నడిచేవాళ్ళు తెలియక పక్కబాటల్లో పడి పొదలన్నీ తొక్కేస్తుంటే, ఒక గుర్తు పెడదామన్నారు అయివారు. నేను గోడౌను మనిషిని కదా, బాణం వేస్తే పోతుందన్నాను. "బాణమేస్తే దారిన పోయే ప్రతివాడూ ఎక్కేస్తాడమ్మా. మన నడకవాళ్ళకు మాత్రమే తెలిసే గుర్తు కావల్ల" అన్నారాయన. కాసేపు గడ్డం రుద్దుకుని, పుల్లతో నేల మీద గీసి చూపించారు. పోకూడని రెండు పక్కబాటలకు రెండు తెల్లగీతలు, అవి కింద చీలిక దగ్గర కలుస్తాయి. పోవలసిన మధ్యదోవకు ఒక ఎర్రగీత. పెయింటు వాడితే రేంజరు ఊరుకోదు కాబట్టి సున్నం, ఎర్రమన్ను. వాన పడితే అదే పోతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. గుండుకు ఎదురుగా ఉన్న నల్లబండ మీద ఆయనే స్వయంగా దిద్దారు. చెయ్యి తిరిగిన మనిషి, ఒక్క వంకర లేకుండా వచ్చింది. మేమందరం చప్పట్లు కొట్టాం, దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నాం.

చదివేవాళ్ళకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మాకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి బస్సు అద్దం మీద, బడి గోడ మీద, ఇడ్లీ కొట్టు బోర్డు మీద, ఎదురొచ్చేవాళ్ళ నొసళ్ళ మీద కనబడేదాన్ని మేం చూడటం ఎప్పుడో మానేశాం. రోజూ పొద్దున అద్దంలో చూసుకుంటూ దిద్దుకునే మనిషే దాన్ని బండ మీద దిద్దారు, ఆయనకూ తట్టలేదు. వేరే ఊరివాడు ఒక్కడు మాతో ఉన్నా "అదేంటి, దేవుడి నామం కదా" అని ఉండేవాడు. ఆ రోజు మాతో అందరూ తిరుపతి వాళ్ళే.

గుర్తు పెట్టిన కొన్నాళ్ళకే వానలు దిగాయి. వంకలు పొంగితే కొత్తవాళ్ళను ఆ కొండ ఎక్కించలేం, నడకలు ఆపేశాం. ఆ మధ్యలోనే తమిళుల లెక్కలోని పెరటాసి నెల వచ్చి పోయింది. మా జిల్లాలో పెరటాసి శనివారాలంటే ఏడుకొండలవాడి రోజులు. చెంబుకు నామం పెట్టి, గోవిందా అంటూ ఇంటింటికీ తిరిగి బియ్యం అడుక్కొచ్చి, వండి స్వామికి పెట్టి తింటారు. ఊరి మనసంతా నామం మీదే ఉండే నెల అది. సరిగ్గా ఆ నెలలోనే పల్లెవాళ్ళెవరో కొండెక్కి మా గుర్తును చూశారు.

మాకు ఇవేవీ తెలియవు. వానలు వెనకబట్టాక, జనాన్ని తీసుకుపోయే ముందు దోవ ఎలా ఉందో చూసి వద్దామని ఒక శనివారం పొద్దున నేనూ అయివారూ బయలుదేరాం. కొండ కింది నుంచే నాకు అనుమానం మొదలైంది. కంప పెరిగి ఉండాల్సిన దోవ ఎద్దులబండి పట్టేంత వెడల్పయింది. రెండు పక్కలా కలివి పొదలు నరికేశారు. కాగితపు ప్లేట్లు, తెగిన చెప్పు, నీళ్ళ పాకెట్లు. "ఎవరో దొంగలు దిగినారు అయివారూ" అన్నాను. దొంగలు కాదని దండ చూశాకే తెలిసింది.

గుండు వైపు తిరగడానికి నాకు ధైర్యం చాల్లేదు. తిరగక తప్పలేదు. పగులు ముందరే టెంకాయలు కొట్టారు. రాతి గోడంతా కర్పూరం మసి. కింది వరసలో గుడ్లు లేవు, అవి అతుక్కుని ఉండిన చోట తెల్లటి మచ్చలు మాత్రం మిగిలాయి. పైన, చెయ్యి అందనంత ఎత్తులో ఇంకా కొన్ని ఉన్నాయి. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు, నాకు కోపం రాకపోవడం చూసి నాకే భయమేసింది.

అయివారు గుండును చూడటం లేదు. బండ మీది గుర్తునే చూస్తున్నారు. దండ కింద తెల్లగీతలు పాల మాదిరి మెరుస్తున్నాయి. అన్ని వానలు పడినా సున్నం చెరగలేదు, చెరగకపోగా కొత్తగా ఉంది. ఆయన చెయ్యి మెల్లగా లేచి తన నొసటి దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా," అన్నారు. "ఇది నామం గదమ్మా."

అప్పుడు చూశాను నేను కూడా. చూశాక ఇక అది దోవ గుర్తులా ఎంత ప్రయత్నించినా కనబడలేదు. ఇన్నాళ్ళూ ఎలా కనబడిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతలో కింద నుంచి గోవిందా గోవిందా అని కేకలు వినిపించాయి. ఆడా మగా గుంపుగా ఎక్కి వస్తున్నారు. ముందర ఒక అవ్వ, చంకలో నీళ్ళబిందె. అంత కొండ ఎక్కినా ఆమెకు ఆయాసం లేదు. మమ్మల్ని చూసి ఆగింది, అయివారి నొసలు చూసి బిందె దించి చేతులు జోడించింది.

"సామీ, తిరప్తి నించి వచ్చినారా? ఈడ సామి వెలసినాడని మీదాకా తెలిసిందా?"

"మొదట చూసిందెవరవ్వా?" అని నేనడిగాను.

"నేనే తల్లీ. పెరటాసి మొదటి శనివారం, సీపురు పుల్లలు కోసుకుందామని వచ్చినా. సూస్తే రాతి మింద నామం! ఆపొద్దు నించి శనివారం తప్పకుండా వస్తాండాం."

అయివారు ఇక ఆగలేకపోయారు. కుడిచెయ్యి ముందుకు చాపి, "అవ్వా, సామి వెలసలేదు. ఆ గీతలు గీసింది నేను. ఈ చేత్తోనే గీసినాను. అది దోవ గుర్తు" అన్నారు.

హమ్మయ్య, గొడవ తీరిపోయింది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఈ సెయ్యేనా సామీ?" అంది అవ్వ. ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు యాడ గీసినావు నాయనా. నీ సేత గీయించినాడు."

"కాదవ్వా! మధ్యలో ఎర్రగీత మన దోవ, పక్కన తెల్లగీతలు పోకూడని బాటలు..." నేను గోడౌను గొంతు ఎత్తాను. ఎవరూ వినడం లేదు. "అయివారూ, మీరైనా గట్టిగా చెప్పండి!"

అయివారూ అన్నాను. అంతే. "అయివోరంట! గుడి అయివోరంట!" అని గుంపంతా గుప్పుమంది. ఒకరి తర్వాత ఒకరు ఆయన కాళ్ళ మీద పడ్డారు. నొసట నామం, నోట నేనే గీసినానన్న మాట, పక్కన నేను అయివారూ అని అరవడం. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి వాళ్ళకు? బడి అయివారు, బొమ్మలు నేర్పే అయివారు అని నేనెంత మొత్తుకున్నా ఆ గోవిందల్లో కలిసిపోయింది. కాళ్ళ చుట్టూ జనం మధ్య నుంచి ఆయన నన్ను చూశారు. అంత బిత్తరపోయిన ముఖం నేనింకెక్కడా చూడలేదు.

దిగి వస్తుంటే, సిగ్నలు దొరికే చోట నా ఫోను మోగింది. రేంజరు. తన మనుషులు పొగ చూసి చెప్పారట. "జనం వద్దన్నానా? నిప్పు వద్దన్నానా? మేం పోయి చెరిపితే గవర్నమెంటు దేవుణ్ణి చెరిపిందని రోడ్డు మీద కూర్చుంటారు. మీరు పెట్టింది మీరే తీయండి. వచ్చే శనివారం కూడా అక్కడ పొగ లేచిందంటే ఆదివారం కంచె లేస్తుంది" అని పెట్టేసింది.

బస్సులో అయివారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చంద్రగిరి దాటాక ఇటు తిరిగారు. "ఎవరైనా ఎవరినైనా మోసం చేస్తే నామం పెట్టినాడంటాం గదమ్మా," అన్నారు. "నేను అడవికే నామం పెట్టినా."

ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వే మాట. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆ వారమంతా ఆయన ఫోను ఎత్తలేదు. నేను గోడౌనులో పెట్టెల మీద ఉన్న ప్రతి గుర్తునూ అనుమానంగా చూశాను. గొడుగు బొమ్మ, గాజుగ్లాసు బొమ్మ, పైకి చూపించే బాణాలు. వీటికి కూడా రేపెవరైనా దండ వేస్తారేమో అనిపించింది. ఒక డ్రైవరు "ఏం మేడం, ఈ వారం తిట్టడం లేదు, ఒళ్ళు బాగలేదా?" అని పరామర్శించాడు. చెరపడం పెద్ద పనేం కాదు, బకెట్టు నీళ్ళు చాలు. కానీ నామం చెరపమని ఆయన్ను ఏ నోటితో అడగను? నేను చెరిపితే పల్లె ఊరుకుంటుందా? ఊరుకున్నా మరుసటి శనివారం మళ్ళీ దిద్దరా? కంచె పడుతుంది, దోవ పోతుంది, పై వరసలో మిగిలిన ఆ కాసిని గుడ్లు ఏమవుతాయో చూడటానికి కూడా మమ్మల్ని పోనివ్వరు. ఎటు తిప్పినా ఆలోచన అక్కడికే వచ్చి ఆగేది.

శనివారం పొద్దున బస్టాండులో, వస్తారో రారో అని ఆయన కోసం చూస్తున్నాను. ఆయన వచ్చి నా ముందరే నిలబడినా గుర్తుపట్టలేదు. "పోదామా అమ్మా" అన్నాక గొంతు విని తలెత్తాను.

ఆయన నొసలు ఒట్టిగా ఉంది. జ్వరంతో మంచం మీద ఉన్నప్పుడు పలకరించడానికి వెళ్ళినా ఆ నొసట నామం లేకుండా నేను చూడలేదు. రోజూ నామం ఉండే మేర చర్మం పాలిపోయి, ఆ ఆకారం లీలగా తెలుస్తోంది. పెద్దాయన ముఖాన చూడకూడనిది చూసినట్టు తల తిప్పేసుకున్నాను. పోయి టిక్కెట్లు తీసుకున్నాను.

మేం ఎక్కేసరికి అవ్వావాళ్ళు ఇటుకల మధ్య కర్పూరం పెట్టేశారు. అవ్వ చేతిలో అగ్గిపెట్టె ఉంది. అడుగుల చప్పుడుకు తిరిగి చూసింది. ఆమె కూడా మొదట గుర్తుపట్టలేదు. పట్టాక అగ్గిపెట్టె జారిపోయింది.

"సామీ! ఎవురు పోయినారు?"

రోజూ నామం ఉండే నొసలు ఒట్టిగా కనబడితే మా వైపు ఎవరైనా అడిగే మాట అదే.

"ఎవురూ పోలేదవ్వా," అన్నారు అయివారు. "ఈ దోవ పోతా ఉండాది."

గుంపులో ఒక్కరు కూడా గోవిందా అనలేదు. ఆయన అవ్వ చెయ్యి పట్టుకుని గుండు దగ్గరికి తీసుకుపోయారు. "నేను గుడి అయివారిని కాదు. బడి అయివారిని, పిల్లోళ్ళకు బొమ్మలు నేర్పినోణ్ణి. నొసట నామం ఉంటే నా మాట మీకు వినబడలేదు, అందుకే తీసేసి వచ్చినా. ఇంక పొగ లేస్తే ఈ దోవకు కంచె ఏస్తారు. మీకూ లేదు, మాకూ లేదు." మసి పట్టిన గోడ చూపించారు. తెల్ల మచ్చలు చూపించారు. పైన మిగిలిన గుడ్లు చూపించారు. "ఇవి బంగారు బల్లివి."

అవ్వ చాలాసేపు పైకే చూసింది.

"బంగారు బల్లి అంటే... కంచిలో ఉండేదా?"

కంచి మాకు దగ్గర. అక్కడి గుళ్ళో బంగారు బల్లిని తాకితే దోషం పోతుందని మా జిల్లావాళ్ళు బస్సులెక్కి పోతారు.

"అది రేకుదవ్వా. ఇది పానం ఉండేది."

"నేను కంచికి పోయి దాన్ని తాకి వచ్చినా," అంది అవ్వ. ఎవరితో అంటోందో తెలియదు. "కట్టెలకు వచ్చే కాలంలో ఈ రాతి కిందనే కూసోని సద్ది తింటిమి. ఒకనాడన్నా కనబడలేదు. సచ్చిందాకా తెలియకుండానే పోదును. దీని ఇంట్లోనా నేను టెంకాయ కొట్టింది?"

ఆమె వెనక్కి తిరిగి వచ్చి, దండ తీసి పక్కన పెట్టింది. కింద పడున్న టెంకాయ పీచు చేతిలోకి తీసుకుంది. బిందె వంచింది. వెనక నుంచి ఒకామె "అవ్వా, వద్దు! కండ్లు పోతాయి!" అని కేక పెట్టింది.

"పోతే నావే గదే పొయ్యేది!" అని కసిరింది అవ్వ. "పెరటాసి అయినాక సెంబు మింద నామం ఏం సేస్తావు నువ్వు? కడిగి వంటింట్లో పెట్టుకోవా? మొన్నటి వానలకు ఇది మాసిపోతే నామంసుద్ద తెచ్చి దిద్దింది నేనే. నేను దిద్దింది నేనే కడగతా. నువ్వు నీళ్ళు పొయ్యి."

నేనూ అయివారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వానకు చెరగని సున్నం గురించి వారమంతా మాకు లోపల్లోపల ఎక్కడో ఒక బెదురు ఉండింది. పైకి అనుకోలేదంతే. కేకలు పెట్టినామె కాసేపు గొణిగి, తర్వాత తనే బిందె ఎత్తింది. తెల్లనీళ్ళు, వాటి వెంట ఎర్రనీళ్ళు బండ మీంచి దిగి మట్టిలోకి ఇంకిపోయాయి. బండ మామూలు నల్లబండ అయ్యింది. అవ్వ దానికి ఒకసారి దండం పెట్టి, కొమ్మకున్న గంట విప్పించి అయివారి చేతికిచ్చింది. "బడి అయివోరివని ముందే సెప్పకూడదా అప్పా. ఇది మీ బడికి తీసుకుపో."

కడిగిన బండ ఫోటో రేంజరుకు పంపాను. కొండ దిగే లోపల జవాబు వచ్చింది. రేపు పోవచ్చు, సున్నం ముట్టుకుంటే మాత్రం ఊరుకోనని. రోడ్డు మీదే నిలబడి గట్టిగా ఏడ్చేశాను. పోయిన శనివారం రావలసిన ఏడుపు.

బస్సులో సీటు దొరికింది. గతుకు వచ్చినప్పుడల్లా అయివారి సంచిలో గంట మోగుతోంది, జనం తిరిగి చూస్తున్నారు. ఆయన సంచిలోంచి నామం పెట్టె తీసి, "అద్దం తేలేదమ్మా, ఆ ఫోను కొంచెం పట్టుకో" అన్నారు. కెమెరా ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. ఫోనులో చూసుకుంటూ రెండు తెల్లగీతలు దిద్దుకున్నారు, కింద కలిపారు. ఎర్రది అద్దిన పుల్ల నొసటి దాకా పోయి ఆగింది.

"ఈ పక్కా ఆ పక్కా పోకూడదు గదమ్మా," అన్నారు, ఫోనులో ముఖం మీంచి చూపు తిప్పకుండా.

"అవును అయివారూ."

"మధ్యలోది మన దోవ."

గీసుకున్నారు. అంత కుదుపులోనూ ఆ గీత వంకర పోలేదు.